అత్తమ్మ పెట్టించిన రెండో చుక్క

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. దయ్యాలు, మహిమలు అంటే పిల్లల ముందే నవ్వేసే రకం. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

మాది గద్వాల. మా అత్తమ్మ నలభై ఏళ్లు మగ్గం నేసింది. చూపు పోయాక కూడా, మగ్గం మీంచి దించిన ప్రతి చీర అడుగువైపు అరచేయి జరిపి చూస్తుంది. పోగు తప్పిన చోట ఆ చెయ్యి టక్కున ఆగుతుంది. అక్కడ గుర్తుకు దారం ముడి వేయిస్తుంది.

ఏడో నెలలో నా కడుపులో బిడ్డ గుండెకు లోపం ఉందని తెలిసింది. బిడ్డకు కావాల్సినవన్నీ అందించే మాయ ఎలా పనిచేస్తుందో కూడా చూడాలి, హైదరాబాద్ పొమ్మన్నారు. బయల్దేరే పొద్దున అత్తమ్మ నా పొట్ట మీద చెయ్యి జరిపింది, చీర మీద జరిపినట్టే. ఎడమవైపు పైన ఆగింది. మళ్లీ కుడివైపు కింద ఆగింది.

"గీడ, గీడ. రెండు దిక్కుల అందుతలేదు బిడ్డా. గుర్తు పెట్టుకో."

ఆమె మాట తీసేయలేక, పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో రెండు చుక్కలు పెట్టుకున్నాను. దారిలో మా ఆయనకు చూపించి నవ్వుకుందామని ఫోటో కూడా తీశాను.

ఎంఆర్ఐలో మాయ బొమ్మ రంగుల్లో వచ్చింది. ఆక్సిజన్ బాగా అందే చోటల్లా ఎరుపు. ఒక్కచోట మాత్రం నల్లగా ఉంది. అది ఎక్కడో డాక్టరమ్మ నా పొట్ట మీద వేలు పెట్టి చూపించింది. వేలు సరిగ్గా మొదటి చుక్క మీద పడింది.

కుడివైపు కింద ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. హమ్మయ్య, అత్తమ్మ మాట సగమన్నా తప్పిందిలే అనుకున్నాను. మూడు వారాలకు మళ్లీ రమ్మని పంపేసింది.

అత్తమ్మ మాత్రం ఫోన్లో ఒకటే గొడవ. "ఇంటికి రాకున్రి. ఆడ్నే ఉండున్రి. రెండోది ఇంకా ఉంది." విసుక్కుంటూనే దవాఖాన పక్క సందులో గది తీసుకున్నాం.

ఐదో రోజు పొద్దున పదింటికి రక్తం కనిపించింది. కాసేపట్లోనే ఆపరేషన్ బల్ల మీద ఉన్నాను. కుడివైపు కింద మాయ ఊడి, దాని వెనక నెత్తురు గడ్డకట్టిందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. గద్వాలలో ఉండుంటే బాబు దక్కేవాడు కాదంది. ఆ చుక్కల ఫోటో చూపించాను. అది తీసిన తేదీ చూసి, ఫోను నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

బాబుకు గుండె ఆపరేషన్ కూడా అయింది. ఇప్పుడు వాడికి రెండేళ్లు. ఎలా తెలిసిందని అత్తమ్మను ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "నాకేం తెల్వదు. చెయ్యి ఆగింది." స్కాన్‌లో బాగున్న చోటు ఊడుతుందని ఆ చేతికి ముందే ఎలా తెలిసిందో నాకూ అంతుపట్టలేదు.

రోజూ సాయంత్రం ఆమె వాడి రొమ్ము మీద చెయ్యి జరుపుతుంది. అది ఎక్కడా ఆగకుండా దాటేదాకా నేను ఊపిరి తీసుకోను.