పటాలక్క ఖాళీ ఫ్రేము

పట్టాభిషేకానికి ముందు రాజులు ఏం చేసేవారో చరిత్ర పుస్తకాల్లో ఉంది గానీ, ఫ్రేముల దుకాణంలో అద్దం బిగించే ముందు పటాలక్క ఏం చేసేదో ఏ చరిత్రకారుడూ రాయలేదు. ఆ లోటు ఇప్పుడు తీరుస్తున్నాం. ముందు అద్దం మీద ఊదేది. పాత చీర ముక్కతో తుడిచేది. దాన్ని ఎవరిదో డిగ్రీ పట్టా మీద పెట్టి, తన మొహం నీడ సరిగ్గా ఆ పేరు మీద పడేదాకా మెడ అటూ ఇటూ వంచేది. పడ్డాక ఒక్క క్షణం పట్టభద్రురాలై, నిట్టూర్చి, మేకులు కొట్టేది.

ఊళ్లో సగంమంది డాక్టర్లూ లాయర్లూ ఆమె చేతుల మీదుగానే గోడెక్కారు. ఆమె చదువు మాత్రం కాలేజీ మెట్లదాకా వెళ్లి, పెళ్లి కుదరడంతో వెనక్కి తిరిగింది. అందుకే ఇంట్లో కూర్చుని ఫోనులోనే డిగ్రీ చదవొచ్చని విన్న రోజున, మేకు మీద పడాల్సిన సుత్తి వేలి మీద పడింది.

కాలేజీని ఎంచడంలో వృత్తి ధర్మం అడ్డొచ్చింది. ఎవరేం నేర్పుతారో ఆమె చూడలేదు. ఎవరి నమూనా పట్టా ఎలా ఉందో చూసింది. ఒకదానికి బంగారు అంచు, నాలుగు మూలలా లతలు, అరచేయంత ఎర్ర ముద్ర! ప్రాణం లేచొచ్చింది. దరఖాస్తు కంటే ముందే ఆ కొలతకు టేకు ఫ్రేము కట్టి, గల్లాపెట్టె పైన తగిలించేసింది.

ఉద్యోగాల కోసం వచ్చే పట్టాలు అసలైనవో కావో ఆఫీసులో సరిచూసే ఆడపడుచు, దుకాణంలోకి వస్తూనే ఆగింది.

"ఏంటొదినా, ఈ ఫ్రేము నోరు తెరుచుకుని చూస్తోంది?"

"నా డిగ్రీ కోసం."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా! ఏ కాలేజీ?"

పేరు చెప్పింది. ఆడపడుచు ఫోను తీసి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కాలేజీల జాబితాలో వెతికింది. లేదు. ఆ కాలేజీకి గుర్తింపు ఇచ్చామంటున్న సంస్థ ఫోన్ నంబరూ, కాలేజీ ఫోన్ నంబరూ ఒకటే.

"వీళ్లకి వీళ్లే గుర్తింపు ఇచ్చుకున్నారొదినా. అద్దంలో చూసుకుని తమకి తామే దండం పెట్టుకున్నట్టు!"

పటాలక్క ఉలిక్కిపడింది. చేతిలోని అద్దం మెల్లగా బల్ల మీద పెట్టింది.

"మరి గుర్తింపు ఉన్నది ఎలా ఉంటుందే?"

ఆడపడుచు ఒకటి చూపించింది. తెల్ల కాగితం, నల్ల అక్షరాలు, మూలన చిన్న ముద్ర.

"కరెంటు బిల్లులా ఉంది!"

"కానీ చెల్లుతుంది. అయినా ఈ వయసులో నీకు ఉద్యోగం ఎవరిస్తారొదినా?"

"ఉద్యోగం ఎవరిక్కావాలే?" పటాలక్క గొంతు తగ్గింది. "ఇన్నేళ్లూ ఎవరెవరి పేర్ల మీదో నా మొహం పెట్టుకుని చూసుకున్నా. ఒక్కసారి పేరూ నాదే ఉండాలి. అదీ దొంగది కాకూడదు."

ఆడపడుచు ఈసారి వేళాకోళం ఆడలేదు. ఫోను ఆమె చేతికిచ్చి, దరఖాస్తు ఎక్కడ నొక్కాలో చూపించింది.

గుర్తింపు ఉన్న కాలేజీలోనే సీటొచ్చింది. చదువు మూడేళ్లు. ఆ కాలేజీ పట్టా కొలత కనుక్కుంటే ఫ్రేము రెండంగుళాలు పెద్దదని తేలింది. ప్రస్తుతం అందులో 'ఆదివారం సెలవు' అన్న కాగితం ఉంది.