చచ్చిన విత్తు, గొడ్డు గేదె

సంతలో చేపలమ్మే క్రిసాంటా నోటికి జడిసి బేరాలాడేవాళ్ళు పక్క వరసలోంచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. అంబ్రోసియోని చేసుకుని మా ఊరొచ్చిన కొత్తలో పలకరిస్తే గాని పలికేది కాదు. పిల్లలు పుట్టలేదు. అత్త గొడ్రాలంది. ఆడపడుచులూ అన్నారు. చివరికి మొగుడూ అదే మాట అని, కబానతువాన్ పట్నంలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. అక్కడా కడుపు పండలేదు. అయినా లోపం వాడిదేమో అన్న మాట మాత్రం మా ఊళ్ళో ఒక్కరి నోటా రాలేదు. క్రిసాంటాకి నోరు వచ్చింది అప్పుడే.

పాల సంఘం ఇచ్చిన గేదెదూడని ఆమె తన చేత్తో గంజి తాగించి పెంచింది. లిగాయా అని పేరు పెట్టింది. అది పడ్డ అయింది, ఎదకొచ్చింది. సంఘం తరఫున సూదేసేవాడు గౌడెన్సియో. మోటారు సైకిలు వెనక నైట్రోజన్ డబ్బా కట్టుకుని తిరిగేవాడు. మేలుజాతి దున్నల వీర్యం సన్నటి గొట్టాల్లో గడ్డకట్టి అందులో ఉంటుంది. సూదేశాడు. పడ్డ చూడి కట్టలేదు. మళ్ళీ ఎదకొచ్చింది, మళ్ళీ వేశాడు. అదే వరస.

ఆ తర్వాతసారి వచ్చినప్పుడు క్రిసాంటా పక్కనే నిలబడి చూసింది. డబ్బాలోంచి గొట్టాల బుట్ట మొత్తం ఎండలోకి ఎత్తి పట్టుకుని, దారిన పోయేవాడితో కోడిపందెం కబుర్లాడాడు. ఒక గొట్టం తీశాడు, అది కాదని లోపల పడేశాడు. ఇంకోటి తీసి ఫ్లాస్కులో కాఫీకని తెచ్చుకున్న వేడినీళ్ళలో ముంచాడు.

"ఇదేం పని తమ్ముడూ? ఐసు కరిగిన చేపని మళ్ళీ ఐసులో పెట్టి అమ్మితే జనం నన్ను తంతారు. నువ్వు తీసి పెట్టిందాంట్లో ప్రాణం ఉంటుందా?"

"చేపలమ్ముకునేదానివి చేపలు చూసుకో అక్కా. పొగ రావట్లా? చల్లగానే ఉందిలే."

అప్పుడూ చూడి నిలవలేదు. గౌడెన్సియో చెయ్యి తుడుచుకుంటూ, "ఇది గొడ్డుది. కసాయికిచ్చెయ్, మేత దండగ," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఇకిలించాడు. "ఈ ఇంటి గాలే అంతేమో!"

క్రిసాంటా ఒక్క ఊపున వెళ్ళి మోటారు సైకిలు తాళం లాగేసుకుంది. పక్కింటి లొరెటాని కేకేసింది. లొరెటా అప్పటికే ఇతగాడి మాట నమ్మి రెండు గేదెల్ని కసాయికి తోలిన మనిషి. ఇద్దరూ కలిసి డబ్బా విప్పి ట్రైసైకిల్ ఆటోలో పెట్టారు.

"దొంగతనం! సంఘం సొత్తు!" అని అరిచాడు గౌడెన్సియో.

"దొంగతనమైతే నువ్వూ రా. డాక్టరమ్మ ముందే తేలుద్దాం."

పశువైద్యురాలు మారివిక్ మూత తీసి లోపల కొలపుల్ల దించింది. నైట్రోజన్ అడుగున వేలెడంత మిగిలింది. ఒక గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసింది. ఇంకోటి చూసింది. పక్కకి జరిగి క్రిసాంటాకి చోటిచ్చింది.

"ఏం కనపడట్లేదు డాక్టరమ్మా. దుమ్ములా ఉంది."

"ఆ దుమ్మే వీర్యకణాలు. చేపపిల్లల్లా ఈదాలవి. గడ్డకట్టేటప్పుడు కొన్ని చస్తాయి, అది మామూలే, మిగిలినవి చాలు. కానీ ఒకసారి వెచ్చబడి మళ్ళీ గడ్డకడితే లోపల మంచు ముళ్ళు పెద్దవై వాటి పొరల్ని చీల్చేస్తాయి. వీటిల్లో ఒక్కటీ కదలట్లేదు."

గౌడెన్సియో నేల చూపులు చూశాడు. క్రిసాంటా వాణ్ణి కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది మాకు.

ఆదివారం సంఘం సమావేశం పెట్టారు. అధ్యక్షుడు సర్దిచెప్పబోయాడు. "పొరపాటు ఎవరికైనా జరుగుద్ది అక్కా. పెళ్ళాం బిడ్డలున్నవాడు..."

"పొరపాటా?" క్రిసాంటా లేచింది. "ఎన్ని గేదెల్ని నరికించారు? ప్రతిదాన్నీ గొడ్డుదే అన్నారు! చచ్చిన విత్తు చల్లి నేలని తిడతారా? దున్నపోతు విత్తు ఎలా ఉందో చూద్దామని ఒక్క మగాడికైనా తట్టిందా? తట్టదు. నింద వెయ్యడానికి మీకు ఆడదైతే చాలు, గేదెయినా సరే, మనిషయినా సరే!"

వెనక వరసలో కూర్చున్న ఆమె అత్త లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది.

గౌడెన్సియోని దాణా కొట్టుకి మార్చారు, అంతే. వాడి చోటికి వచ్చిన పిల్ల గొట్టం తీసిన మరుక్షణం మూత పెట్టేది. ఆమె వేసిన మొదటి సూదికీ లిగాయా చూడి కట్టలేదు. మంచి విత్తయినా ఒక్కోసారి అంతేనంది డాక్టరమ్మ. ఊరు మళ్ళీ గుసగుసలాడింది. రెండోదానికి నిలిచింది.

ఈనిన రోజున దూడతో ఫోటో దిగమని అధ్యక్షుడు వచ్చాడు. క్రిసాంటా తలుపేసుకుంది. సాయంత్రం లొరెటా వచ్చి దూడ నుదురు నిమురుతూ అడిగింది.

"కసాయికి తోలిన నా రెండూ కూడా ఈనేవే కదక్కా?"

క్రిసాంటా చేతిలో ఉన్న ఖాళీ తపేలా గోడకేసి కొట్టింది.