గలగలమన్న కరెంటు డబ్బా

మీరు జీవితంలో చాలా పేలుళ్లు వినే ఉంటారు. కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, ఇంటిల్లిపాదినీ చుట్టూ నిలబెట్టుకుని మరీ పేల్చుకున్న ఘనుణ్ణి మాత్రం చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఎలా జరిగిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా అక్క ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. కళ్లంలో మిరపకాయలు, వసారాలో మిరపకాయలు, మా మాటల్లోనూ మిరపకాయలే. ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా, గేములు ఆడే కంప్యూటర్‌ను నా చేతుల్తో నేనే బిగించుకోవాలని నాకు పూనకం వచ్చింది. ఒక్కో ముక్కా పోగేశాను. వాటిలో రత్నం లాంటిది, తెర మీద బొమ్మల్ని పరుగెత్తించే గ్రాఫిక్స్ కార్డు. విజయవాడలో ఉద్యోగంలో చేరిన మా అక్క మొదటి జీతం పెట్టి కొనిచ్చింది. ఆ నెల తను తెగిన చెప్పులు కుట్టించుకుని తిరిగింది.

"దీనికేమన్నా అయిందా, నీ వీపు విమానం మోత మోగుద్ది" అని మరీ చేతిలో పెట్టింది.

ఇక మిగిలింది ఒక్కటే. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి సామాన్లకు తగుమాత్రంగా పంచిపెట్టే ఇనుప డబ్బా. షాపుల్లో దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. తాతయ్యకు చెబితే నోట్లో చుట్ట తీసి మరీ ఆశ్చర్యపోయాడు.

"కరెంటు గోడలోంచి వస్తానే ఉందిగా. మళ్లీ దానికి డబ్బా ఏందిరా?"

"చేలో మోటారుకి స్టార్టర్ లేదా తాతయ్యా? అట్లాంటిదే."

"అట్టయితే మంచిది కొనుక్కో. స్టార్టర్ కాడ కక్కుర్తి పడితే మోటారు కాలుద్ది."

బంగారం లాంటి మాట. విన్నానా? వింటే ఇప్పుడు మీకు చెప్పుకోవడానికి ఏముండేది!

మస్తాన్‌ను వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లాను. మస్తాన్ మా ఊరివాడే, నా క్లాస్‌మేటు. వాళ్ల నాన్న మోటార్లకు వైండింగ్ చేస్తాడు కాబట్టి వాడికి కరెంటంటే భయమూ ఉంది, భక్తీ ఉంది. నాకు రెండూ లేవు. షాపాయన రెండు డబ్బాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి చిన్నది, సాదాసీదాగా ఉంది, ఐదేళ్ల వారంటీ. రెండోదాని మీద బంగారు రంగు అక్షరాలు, ధర మొదటిదాంట్లో సగం, వారంటీ ఊసే లేదు.

"చిన్నది తీసుకోరా" అన్నాడు మస్తాన్. "కార్డు అక్కది."

"ఆగరా, చూడనీ" అన్నాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. చిన్నప్పుడు తాతయ్య నన్ను మిర్చి యార్డుకు తీసుకెళ్లేవాడు. టిక్కీ విప్పించి, అదేనండి, మిరపకాయల బస్తా, అందులోంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపేవాడు. గలగలమంటే కాయ బాగా ఎండినట్టు. చప్పుడు లేకపోతే తేమ ఉన్నట్టు. ఆ విద్య నాకు రక్తంలోనే వచ్చిందని నా గట్టి నమ్మకం. షాపులో నిలబడి మొదటి డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. కిక్కురుమనలేదు. రెండోది ఊపాను. గలగల!

"ఒరేయ్, ఏం చేస్తన్నావ్?" అన్నాడు మస్తాన్ కంగారుగా.

"పరీక్ష."

"నిండుకుండ తొణకదంటారు. ఇదేందిరా, మోగుతా ఉంది?"

"కుండల సంగతి వేరు, కాయల సంగతి వేరు. గలగలమందంటే తేమ లేదని. కరెంటు వస్తువులో తేమ ఉండొచ్చా?"

"ఉండకూడదు" అన్నాడు పాపం. అంతవరకు నేను చెప్పింది నిజమే కదా.

"బరువు కూడా చూడు. ఈ రేటుకి ఇంత బరువు ఎవడిస్తాడు?"

"భలే పట్టారండీ! మీలాంటి కస్టమరు నాకింతవరకూ తగల్లేదు" అన్నాడు షాపాయన. పొగిడాడనుకుని పొంగిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చింది, మస్తానూ వచ్చాడు. కంప్యూటర్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "నువ్వే నొక్కక్కా" అన్నాను. నొక్కింది. ఎర్రదీపాలు, నీలిదీపాలు వెలిగాయి. అమ్మ చేతులు జోడించింది. గేములో కారు బయలుదేరి మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు దగ్గర ఢామ్మని పేలింది!

ఇల్లంతా కరెంటు పోయింది. గదినిండా పొగ. కళ్లంలోంచి తాతయ్య కేక వినిపించింది: "ఎవడ్రా అది, కాయలు మాడుస్తంది?"

నేను వీపు సిద్ధం చేసుకున్నాను. అక్క తిట్టలేదు, కొట్టలేదు. చేతిలో కొబ్బరిచెక్క పట్టుకుని, "కార్డు పోయిందారా?" అని సన్నగా అడిగింది. ఆ గొంతు విన్నాక, కొట్టినా బాగుండేది అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మస్తాన్ ప్లగ్గు పీకి, కార్డు ఊడదీశాడు. "మా ఇంట్లో సిస్టమ్‌కి పెట్టి చూద్దాం పదండి" అన్నాడు. అక్క దాన్ని తువ్వాల్లో చుట్టి, పురిటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. రెండు వీధులు నడిచాం. ఆ దారిలో నేను మొక్కని దేవుడు లేడు. వాడింట్లో కార్డు బిగించి స్విచ్ వేస్తే, తెర కాసేపు నల్లగా ఉండి నా ప్రాణం తీసి, చివరికి వెలిగింది.

అక్క గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత నా వీపు మీద విమానం దిగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత సామెత, మేము స్క్రూడ్రైవర్ పట్టుకున్నాం. మర్నాడు తాతయ్య ముందే మస్తాన్ ఆ డబ్బా విప్పాడు. లోపల అగ్గిపెట్టెంత సరంజామా. దాని పక్కన, బరువు కోసం బిగించిన ఇనుప పలక! పలకకున్న మరమేకుల్లో ఒకటి ఊడి దొర్లుతోంది. నా ఎండుకాయ అదే.

షాపులో నేను చేసిన పరీక్ష గురించి మస్తాన్ పూసగుచ్చినట్టు చెప్పాడు. తాతయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"గలగలమనే కాయ తేలిగ్గా ఉంటదిరా. బరువున్న కాయ మోగదు. రెండూ ఒక్క టిక్కీలో కనపడినయ్యంటే లోపల రాయున్నట్టే."

"అన్నిసార్లు యార్డుకి తీసుకెళ్లావు, ఈ ముక్క చెప్పలేదే?"

"చెప్పకేం? సగం పాఠం అయ్యేసరికి నువ్వు పునుగుల బండి కాడ ఉండేవాడివి."

తర్వాత ఆ చిన్న డబ్బానే కొన్నాం. ఈసారి తాతయ్య కూడా వచ్చాడు. దేన్నీ ఊపలేదు. "నువ్వేది చెబితే అదేరా అబ్బాయ్" అని మస్తాన్‌కే వదిలేశాడు. ఆ వేసవంతా మధ్యాహ్నాలు నా వెనక మంచం వేసుకుని, గేములో నా కారు ఎవరిని గుద్దినా "ఓరి నీ దుంపతెగ!" అంటూ చూసేవాడు. ఇప్పుడాయన లేడు. ఎక్కడైనా ఎండుకాయలు మోగితే ఆయన గుర్తొస్తాడు, అప్పుడు మిగతా సగం పాఠం కూడా విని ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇనుప పలకను అక్క పారేయనివ్వలేదు. పిల్లి మూత తొయ్యకుండా పండుమిరపకాయ పచ్చడి జాడీ మీద పెట్టింది. ఈనాటికీ అక్కడే ఉంది. దాని మీద కుడిచెయ్యి వేసి, అక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో కరెంటు సామాను తూకానికి కొనను, చెవి దగ్గర పెట్టి ఊపను, పునుగుల కోసం పాఠం మధ్యలో లేచిపోను. పలక మీద మాత్రం నాకు కోపం లేదండీ. ఆ డబ్బా మొత్తంలో ఇన్నేళ్లుగా చెడిపోకుండా పనిచేస్తున్నది అదొక్కటే.