రెండు బీడీలు కాలేంత సేపు

జగిత్యాలలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మనుమరాలు మొన్న సెలవుకు సిరిసిల్ల వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఫోను నా ముక్కు ముందు పెట్టింది. "అమ్మమ్మా, గిది జూడు." చూశాను. పట్టాల మీద ఒక చిన్న బండి, దానికి బిగించిన ఇనుప గొట్టం. గొట్టంలో ఒక పేలుడు, వెంటనే ఇంకోటి, దాని వెనక ఇంకోటి. చప్పుడు అచ్చం మా పక్కింట్లో సాంచెల మీద, అదే కరెంటు మగ్గాల మీద, బట్ట నేస్తున్నట్టే ఉంది. ప్రతి పేలుడుకూ బండి ఇంత ఇంత ముందుకు పోతోంది. మామూలు విమానంలో నూనె మండుతుందట, ఇందులో మండడం కాదట, పేలడమేనట. విమానాలనూ, ఆకాశం దాటి పోయేవాటినీ ఇట్లా పేలుళ్లతో తొయ్యాలని చూస్తున్నారట. వెనకటికి ఇంకా పెద్ద ఆలోచనే చేశారట: వెనక బాంబులు పేల్చుకుంటూ పోవడం, దెబ్బ ఆపడానికి మందపాటి ఇనుప పళ్లెం, పళ్లేనికీ మనుషులకూ నడుమ స్ప్రింగులు. నాకు నవ్వు ఆగలేదు. "ఏమైందే అమ్మమ్మా?" అంది. "గీ ముచ్చట మీ తాత నాకు ఎప్పుడో చెప్పిండు బిడ్డా. స్ప్రింగుల జాగల బొంత అన్నడు, గంతే తేడా" అన్నాను. ఆ పిల్ల వెంటనే కాగితం పట్టుకుని కూర్చుంది. నాకు నా పేరు తప్ప రాయరాదు. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది, తప్పులుంటే ఆమెవే.

మా ఆయన బావులు పేల్చేవాడు. మల్లాపూర్ దిక్కు మా ఊళ్లో పైన కాస్త మట్టి, కింద అంతా బండ. గడ్డపారకు లొంగని బండకు రంధ్రం కొట్టి, పేలుడు మందు కూరి, వత్తి ముట్టించి పైకి ఎక్కి రావాలి. పోను పోను ఆయన చెవులు పోయాయి. దగ్గరికి పోయి అరిస్తే తప్ప వినబడేది కాదు. వినబడని మనిషి మెల్లగా మాట్లాడలేడు కదా, మా ఇంట్లో ఏ కూర వండానో, నేను ఎందుకు అలిగానో వాడకట్టంతా తెలిసేది. ఊళ్లో మగవాళ్లు సగం మంది దుబాయ్, మస్కట్ పోతున్న రోజులవి. ఆయన కూడా కోరుట్లలో ఏజెంటు దగ్గరికి పోయాడు. సంపాదన కన్నా విమానం ఎక్కాలన్నదే ఆయన ఆశ. పరీక్షలో చెవులు పనికిరావని తిప్పి పంపారు. వచ్చి అరుగు మీద కూర్చుని పైకి చూస్తూ, "ఇమానంల చప్పుడు ఎక్కువ అంటరు గదా, నాకు ఇనబడనే ఇనబడది. నాకంటె మంచోడు ఏడ దొరుకుతడే వాళ్లకు?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తర్వాతే బగోన సంగతి జరిగింది. నా పెళ్లికి మా అమ్మ పెట్టిన పెద్ద ఇత్తడి బగోన అది, ఊళ్లో ఎవరి పెళ్లయినా పప్పు అందులోనే ఉడికేది. ఒకనాడు బావి ఒడ్డున బండ పేలుస్తున్నాడు. రాళ్లు ఎగిరి మీద పడకుండా ముళ్లకంప కప్పడం పద్ధతి. కంప తేవడానికి బద్ధకించి బగోన బోర్లించాడు. అది తాటిచెట్టంత ఎత్తు లేచింది. ఎండలో మెరుస్తూ, గిరగిరా తిరుగుతూ పోయి పొలంలో పడింది. నేనూ మా అత్తా ఉరికాం. అడుగు ఉబ్బిపోయి ఉంది. "నీ చేతులు ఇరుగ! దాని తల్లిగారోళ్లకు ఏం జవాబు చెప్పాల్నురా!" అని అత్త నెత్తి కొట్టుకుంది. ఆయన ఇంకా పైకే చూస్తున్నాడు.

"ఒక్క దెబ్బకు గింత ఎత్తు పోయింది. కింద పడకముందే ఇంకో దెబ్బ, దాని మీద ఇంకో దెబ్బ ఏస్తే? ఏడ ఆగుతదే?"

"మీద కూసున్నోని నడుము ఏం గావాలె?" అని చెవిలో అరిచాను.

"బొంత ఏస్తం."

"ఎన్ని బొంతలు?"

"మీ తల్లిగారింట్ల ఉన్నయన్ని."

ఆయన పని నవ్వులాట కాదు. ఒక్కోసారి మందు పేలదు. వత్తి ఆరిపోయి ఉండవచ్చు, లోపల సన్నగా కాలుతూనే ఉండవచ్చు, పైనుంచి తెలియదు. ముట్టించినవాడే దిగి చూడాలి. దిగేముందు ఒడ్డున కూర్చుని రెండు బీడీలు, ఒకదాని తర్వాత ఒకటి, పూర్తిగా తాగాలి. గడియారం లేని మా దిక్కు అదే లెక్క. ఆ బీడీలు నేను చుట్టినవే. చేటలో ఆకూ తంబాకూ పెట్టుకుని చుట్టడం మా ఆడవాళ్లందరి పని. చెవులు పోయాక వత్తి బుస ఆయనకు వినబడదు, అందుకని దిగేటప్పుడు ఆయన నడుముకు తాడు, కొస నా చేతిలో. నేను ఒడ్డున బోర్లా పడుకుని చెవి పెట్టి వినాలి, గుంజితే ఆయన ఎక్కి రావాలి. అట్లా ఆయన చెవులు నా దగ్గర ఉండేవి.

ఆ ఎండాకాలం మా బావిలో పెట్టిన మందు పేలలేదు. అంతకుముందే పక్క ఊళ్లో ఇట్లాగే దిగిన మనిషి ప్రాణాలతో రాలేదు. ఆయన కూర్చుని బీడీ ముట్టించాడు. "భయమైతుందా?" అని అడిగాను. "నాకా? నాకేం భయమే!" అని ఊరంతా వినేటట్టు అరిచాడు. రెండూ తాగి దిగాడు. నేను పడుకోబోతూ ఆయన పారేసిన ముక్కలు చూశాను. రెండోది ఎర్రగా ఉందంటే సరే, మొదటిదాన్నుంచి కూడా ఇంకా పొగ వస్తోంది. నా బీడీ ఎంతసేపు కాలాలో నాకు తెలియదా? దమ్ము మీద దమ్ము గుంజేశాడు. భయపడ్డ మనిషి బీడీ తొందరగా తాగుతాడు. నోరు దాచింది, బీడీ దాచలేదు.

చెవి పెట్టాను. అడుగున పాము బుసలా సన్నగా వినబడింది. తాడు గుంజాను. "ఏందే?" అని తల ఎత్తాడు. అరచేతులు కోసుకుపోయేటట్టు మళ్లీ గుంజాను. రాళ్లు పట్టుకుని ఎక్కాడు. చేతులు ఒడ్డుకు అందాయి, నడుము పైకి వచ్చింది, కాళ్లు ఇంకా లోపలే. అప్పుడు పేలింది. బావిలోని గాలంతా ఒక్కసారిగా లేచి ఆయన్ని ఎత్తి నా మీద వేసింది. ఇద్దరం పొర్లిపోయి ముళ్లకంపలో పడ్డాం. ఆయన పిక్కలకు రాళ్లు తగిలి రక్తం కారుతోంది. నేను ఏడుస్తూ రెండు చేతులతో ఆయన రొమ్ము మీద గుద్దుతుంటే, నా చెవి పక్కనే గట్టిగా అరిచాడు: "ఎగిరిన! నేను ఎగిరిననే!" ఊపిరి తీసుకుని, నన్ను కిందా మీదా చూసి, "బొంత జాగల నువ్వున్నవ్" అన్నాడు.

నీళ్లు ఆ పేలుడుకు పడలేదు, చాలా రోజుల తర్వాత ఇంకో మూలన పడ్డాయి. దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు విమానం ముచ్చట తీస్తే, "మీరు కుర్చీల కూసోని ఎగిరిండ్రు, గదీ ఒక ఎగురుడేనా?" అనేవాడు. మందు పేలనప్పుడు మాత్రం నా మాటే సాగేది. దమ్ముకూ దమ్ముకూ నడుమ నాకొక ముచ్చట చెప్పాలి, అది అయ్యేదాకా ఇంకో దమ్ము లేదు. ఆయన చిన్నప్పటి మాటలన్నీ ఆ ఒడ్డునే విన్నాను. చివరికి బావి ఆయన్ని ఏమీ చెయ్యలేదు, ఇంట్లో మంచం మీదే, జ్వరంతో పోయాడు.

మనుమరాలి క్లాసువాళ్లు కూడా చిన్న గొట్టం ఒకటి చేశారట. "పేలకపోతే ఎవరు పోయి చూస్తరు?" అని అడిగాను. "ఎవ్వరం పోం అమ్మమ్మా, కెమెరా ఉంటది. మేం గోడ ఎనుక ఉంటం" అంది. ఇన్నేళ్లుగా నా చేతిలో బిగిసి ఉన్న తాడు వదులైనట్టయింది. బండి జరిగే బొమ్మ మళ్లీ పెట్టమన్నాను. ఆ ఒడ్డున ఆయనతో ముచ్చట్లు చెప్పించుకున్న రోజుల్లో రెండు బీడీలు ఎంతకీ కాలిపోయేవి కావు. ఇప్పుడు తిరిగి చూస్తే, మేమిద్దరం కలిసి బతికిన కాలమంతా ఎవరో ఒక్క దమ్ములో గుంజేసినట్టుంది.