బల్ల మీది నడక

వెనకటికి తపాలా సంచి మోసుకుని ఉరికే మనిషికి పరుగే కొలువు. అడవిలో జంతువులు తప్పుకుంటాయని చేతికి గజ్జెల కర్ర ఇచ్చేవారు. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ దేవదాసుకు అలాంటి కర్ర ఎవరూ ఇవ్వలేదు. నాలుగేళ్ల కింద ఓ పొద్దున బస్సు తప్పిపోతే వేములపల్లి నుంచి మిల్లు దాకా ఉరికాడు. మర్నాడు బస్సు వచ్చినా ఎక్కలేదు. కుక్కలు కొన్నాళ్లు వెంటపడి, విసుగొచ్చి మానుకున్నాయి.

కోదాడలో ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉందంటే పేరిచ్చాడు.

"ప్రార్థనకు రమ్మంటే మోకాళ్ల నొప్పులంటవ్. కోదాడ పోయి ఉరుకుతవా?" అంది భార్య నర్సమ్మ.

హమాలీల ముఠా మేస్త్రి ఈదయ్య అంత వాదన కూడా పెట్టుకోలేదు. "పో. సోమవారం కుంటుకుంట వచ్చినవనుకో, ముఠాల నీ జాగల ఇంకొకడుంటడు."

"కుంటను మామా."

పదహారో కిలోమీటరు దగ్గర కుడి మోకాలు పట్టేసింది. నీళ్లందించే అమ్మాయి, "ఆగండి అంకుల్, బండి పిలుస్తాను" అంది. ఆగితే మోకాలూ దక్కేది, కొలువూ దక్కేది. అది దేవదాసుకు తెలియక కాదు. కానీ ఎత్తిన బస్తాను హమాలీ దారిలో దించడు. దించితే మళ్లీ వీపుకెత్తడానికి ఇద్దరు కావాలి.

"నడుమల దించొద్దమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి అతని వీపు వంక చూసింది. అక్కడ చెమట తప్ప ఏమీ లేదు.

బస్తాలెక్కించడానికి లారీకి ఏటవాలుగా వేసిన బల్ల మీద నడిచినట్టు మోకాళ్లు వంచి, పాదాలు ఎత్తీ ఎత్తకుండా, పొట్టి అడుగులతో మిగతాది లాగించాడు. పతకం వేయించుకోవడానికి వంగాడు గానీ, మళ్లీ నిటారు కావడానికి కొంతసేపు పట్టింది.

సోమవారం బస్సెక్కాడు. ఈదయ్య వచ్చేలోపే బస్తా వీపుకెత్తించుకున్నాడు. ఈదయ్య బల్ల పక్కన నిలబడి అతని కాళ్లే చూశాడు. వంగిన మోకాళ్లు, ఈడ్చే పాదాలు. ముందు పోతున్న పెంటయ్యదీ అదే నడక, వెనక వస్తున్న దస్రుదీ అదే. యాభై కిలోల కింద ఎవరు కుంటుతున్నారో ఏ మేస్త్రీ తేల్చలేడు.

చిక్కల్లా దిగేటప్పుడే. ఖాళీ వీపుతో నడిస్తే కుంటు దాగదు. దేవదాసు లారీ మీద ఒక్క క్షణం ఆగి, పళ్లు బిగించి, బల్ల మీంచి ఉరుక్కుంటూ దిగాడు. లారీ నిండేదాకా అంతే. ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు ఉరుకు.

"నిన్న ఉరికింది సాలలేదారా?" అన్నాడు ఈదయ్య.

"సాలలే మామా."