మంత్రసానికి మగతోడు

ఆఫ్ఘనిస్తాన్‌లో యుద్ధం ఆగిందని నాకు మొదట చెప్పింది మా పాస్టరమ్మగారు. దేవునికి స్తోత్రం చెప్పుకుని, ఇక్కడ అమెరికాలో, ట్రాయ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆ దేశపు ఆవిడకు రవ్వలడ్డూలు పట్టుకెళ్ళాను. ఆవిడ వీడియో కాల్‌లో ఊళ్ళో ఉన్న వాళ్ళక్క కనబడగానే, ఎలా ఉందన్నట్టు తన మోకాలు తట్టి చూపించింది. రోజూ అంతే.

"అక్కకి మోకాళ్ళ నొప్పులా అండీ?" అని హిందీలో అడిగాను.

"అక్కకి కాదు, మా మేనమామకి. అక్క మంత్రసాని. మగతోడు లేకుండా ఆడది ఎక్కడికీ వెళ్ళకూడదని ఇప్పుడొచ్చిన మతప్రభుత్వం రూలు. మగవాళ్ళందర్నీ యుద్ధం తినేసింది. మిగిలింది ఎనభయ్యేళ్ళ మావయ్య. పురిటింటికి వెళ్ళగానే ముందు ఆయనకే కాపడం!" అని పకపకా నవ్వింది. లడ్డూ కొరికి, "ఆయన లేవలేని రోజు ఆ తల్లుల గతి ఏంటి?" అంది.

ఆవిడ ఇల్లు మారి ఏడాదయింది, మళ్ళీ కబురు తెలియలేదు. మీరు ప్రార్థనకు మోకరించినప్పుడు ఆ పెద్దాయన్ని జ్ఞాపకం చేసుకోండి.