రెండు రెక్కలు, ఒకే చానల్

కొత్తకోటలో లారీలకు వైరింగ్ చేసే ఇమ్మానుయేల్ ఆదివారం ప్రార్థన కాగానే రిమోట్‌తో ఎగిరే తన థర్మాకోల్ విమానంతో చేనుకు పోతాడు. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్‌లో మోటారుకో చానల్ లేక, రెక్కల అంచు పలకలను ఆడించే రెండు సర్వో మోటార్లనూ ఒకే చానల్‌కు కలిపాడు. ఎగరేసే ముందు ఆ తీగల అతుకును బొటనవేలితో నొక్కి చూడటం అతని అలవాటు. ఆ రోజూ నొక్కాడు. అయినా గాలిలో అతుకు ఊడి, ఒక సర్వో ఆగిపోయింది. విమానం ఒరిగిపోతూ, వేరుశనగ పీకుతున్న భార్య సుగుణమ్మ మీదికి దూసుకెళ్లింది. అరిచేంత వ్యవధి లేదు. రిమోట్‌తో ముందు పంకా మోటారు ఆపేశాడు. అప్పుడే ఆమె ఇంకో మొక్క కోసం వంగింది. విమానం చప్పుడు లేకుండా ఆమె వీపు మీదుగా పోయి గట్టుకు కొట్టుకుంది. ఆ శబ్దానికే ఆమె తలెత్తింది.

"ఏందయ్యా, గట్ల ఉరికొస్తున్నవ్? ఇరిగితే ఇంకోటి చేసుకుంటవ్ తియ్," అని నవ్వింది.

అతను విమానం వైపు చూడనే లేదు. ఆమె తల నిమురుతూ నిలబడ్డాడు.